ఆస్పత్రి పడవకు సరంగు కావలెను

మా మేనకోడలి కూతురు ఒక ఆస్పత్రిలో చేరింది. నర్సుగా కాదు, సిబ్బందిని వెతికి తీసుకునే విభాగంలో. నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ ఒకటే గోల. "అమ్మమ్మా, మంచివాళ్ళు దరఖాస్తు పెట్టరు. పెట్టినవాళ్ళు పనికి రారు. నువ్వు ఇన్నేళ్ళు ఎట్టా నెట్టుకొచ్చావు?" అంటుంది. నోటితో చెబితే సగం వింటుంది, సగం ఫోను చూసుకుంటుంది. అందుకని రాస్తున్నాను. దానితోపాటు ఆ పనిలోకి వచ్చే పిల్లలెవరైనా చదువుకోవచ్చు.

నేను మేట్రన్‌గా రిటైరయ్యాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనే సంగతులు ఇందులో ఉండవు. మేట్రనంటే వార్డుల్లో తిరుగుతూ దుప్పట్లు సరిగ్గా పరిచారా లేదా అని చూసి కసురుకునే మనిషి అనుకుంటారు బయటివాళ్ళు. కసురుకున్న మాట నిజమే. కానీ నా ఉద్యోగంలో నిజంగా కష్టమైన పని మనుషుల్ని తెచ్చుకోవడం. నర్సులు, ఆయాలు, కాంపౌండర్లు, వంటవాళ్ళు, ఎందరినో తీసుకున్నాను. ఆ పని నాకు నేర్పింది మాత్రం ఒక పడవ ఉద్యోగం. అది నేర్చుకునే లోపల నేను చేసిన తప్పుకు ఒక బిడ్డ పోయింది. ముందే చెబుతున్నాను, ఇదేదో సరదా కబురని చదవడం మొదలుపెట్టకండి.

నోటీసు

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. నాన్న వరి పండించేవాడు, ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. యాభైల చివర్లో నెల్లూరులో నర్సు చదువు పూర్తిచేసి, నాయుడుపేటకు అవతల ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో చేరాను. అక్కడి పెద్ద డాక్టరు రూతమ్మగారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె కేకేస్తే వీధిలో పోయే సైకిలు కూడా ఆగేది.

దొరవారిసత్రం దాటి తూర్పుగా పోతే పులికాట్ సరస్సు. ఆ నీళ్ళ మధ్య దిబ్బల మీద చేపలు పట్టి బతికే ఊళ్ళున్నాయి. ఆ రోజుల్లో వాటికి రోడ్డు లేదు, డాక్టరు లేడు. కాన్పు కష్టమైతే ఆ తల్లిని ఏ చేపల నావలోనో పడుకోబెట్టి ఒడ్డుకు తేవాలి, అక్కణ్ణించి ఎడ్లబండిలో మా దగ్గరికి రావాలి. చాలామంది బండి దాకా వచ్చేవాళ్ళు కాదు. రూతమ్మగారు ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఆస్పత్రికి ఒక పడవ సంపాదించింది. తెరచాప, రెండు గెడలు, నడిమధ్య నీడకు తాటాకు గూడు. వారానికి రెండుసార్లు మందుల పెట్టె, నేను, ఒక ఆయా ఆ పడవెక్కి ఊళ్ళు తిరిగేవాళ్ళం. కబురొస్తే ఏ రోజైనా బయల్దేరేవాళ్ళం.

పడవ మీద పెత్తనం ఎవరిదో ఆయన్ని సరంగు అంటారు. మా పాత సరంగుకు చూపు మందగించింది. కొత్త మనిషిని వెతకమని డాక్టరమ్మ ఆ పని నాకు అప్పగించింది.

"నేను నర్సునండీ. పడవ మనుషుల సంగతి నాకేం తెలుసు?" అన్నాను.

"ఆ పడవలో కూర్చునేది నువ్వు. నీ ప్రాణం ఎవరి చేతిలో పెట్టుకుంటావో నువ్వే చూసుకో" అంది.

నా చేతిరాత బాగుంటుందని నాకు కొంచెం గర్వం. పెద్ద కాగితం తీసుకుని గుండ్రంగా నోటీసు రాశాను. ఆస్పత్రి పడవకు అనుభవజ్ఞుడైన సరంగు కావలెను. సత్ప్రవర్తన కలిగి, చదవను వ్రాయను వచ్చినవారు పాదిరిగారి ఉత్తరముతో వచ్చే బుధవారము ఉదయము హాజరు కావలెను. ఒకటి చర్చి తలుపుకు అంటించాను, ఒకటి దొరవారిసత్రం పోస్టాఫీసు గోడకు, ఇంకొకటి నాయుడుపేటలో బస్సులాగే చోట టీ కొట్టుకు. ఇంత పెద్ద అక్షరాలు రాసింతర్వాత జనం తోసుకుంటూ వస్తారనుకున్నాను.

ఆ బుధవారం ఏడుగురు వచ్చారు. సరస్సు ఊళ్ళ నుంచి ఒక్కరంటే ఒక్కరు లేరు. వచ్చినవాళ్ళలో ఒకాయన రిటైరైన బిళ్ళ బంట్రోతు. ఒకడు పడవను దూరం నుంచి చూశాడట. ఉన్నంతలో నిక్షేపంలాంటి మనిషి ఏసురత్నం. బకింగ్‌హామ్ కాలవ మీద ఇరవై ఏళ్ళు ఉప్పూ, సర్వి కట్టెలూ మద్రాసుకు చేరవేసినవాడు. తెల్లటి పంచె, శుభ్రమైన గోళ్ళు, పాదిరిగారి ఉత్తరం. తాగడు. నోటీసు పైకి చదవమంటే తడబడకుండా చదివాడు.

నేను ఆ సాయంత్రం డాక్టరమ్మతో అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "సరస్సు వాళ్ళకు ఉద్యోగం మీద శ్రద్ధ లేదండీ. ఒక్కడన్నా వచ్చాడా చూడండి" అన్నాను. ఏసురత్నాన్ని తీసుకున్నాం.

కాలవ మనిషి

కాలవకు రెండు గట్లుంటాయి. పడవ ఎటూ పోదు. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. ఈ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. కానీ సరస్సుకు గట్లు లేవనే సంగతి మనిషిని ఎంచుకునేటప్పుడు గుర్తుకు రాలేదు. పడవ పడవే కదా అనుకున్నాను. కత్తెర పట్టుకున్నాడు కదా అని మంగలి చేత ఆపరేషన్ చేయించినట్టుంది నా తెలివి.

వానలకు సరస్సు నిండుగా ఉన్నన్నాళ్ళూ అంతా బాగానే జరిగింది. ఏసురత్నం పడవను అద్దంలా కడిగి ఉంచేవాడు. కీర్తనలు పాడుకుంటూ గెడ వేసేవాడు. నా ఎంపికకు నేనే మురిసిపోయాను. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గాక తెలిసింది.

ఒక మధ్యాహ్నం దిబ్బ మీది ఊరి నుంచి కబురొచ్చింది. పోలయ్య అనే చేపల మనిషి భార్యకు తొలి కాన్పు, తెల్లవారు జాము నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. పోయి ఆమెను పడవ ఎక్కించుకున్నాం. పోలయ్య కూడా ఎక్కాడు. ఎదురుగా పడమటి ఒడ్డు కనబడుతోంది. ఏసురత్నం పడవను తిన్నగా దాని మీదికి పెట్టాడు. కాలవలో అలాగే కదా పోతారు.

"అటు బురదుండాది. దక్షిణంగా చుట్టుకోని పోవాల" అన్నాడు పోలయ్య.

"తొందర్లో ఉన్నాం నాయనా, చుట్టు తిరిగితే పొద్దుపోతుంది" అన్నది నేనే. ఏసురత్నం అనలేదు. ఇంతకాలం ఈ ముక్క మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఈ కాగితం మీద పెడుతున్నాను.

సగం దూరం పోయాక పడవ బురదలో కూర్చుంది. గెడ వేస్తే గెడ దిగబడింది. దిగి తోస్తే ఏసురత్నం తొడల దాకా దిగబడ్డాడు. రెండు గంటలు. ఆ తాటాకు గూట్లో, నేను నేర్చుకున్నదంతా ఉపయోగించి బిడ్డను బయటికి తీశాను. మగబిడ్డ. ఊపిరి తీసుకోలేదు. నేను చెయ్యాల్సిందంతా చేశాను, ఆపకుండా చేశాను, ఆయా నా భుజం పట్టుకుని ఇక చాలమ్మా అనేదాకా చేశాను. తల్లికి మాత్రం రక్తం నిలిచింది. పోలయ్య పడవ అంచు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. నాకు వాడి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడు దూరాన వలల దగ్గర నుంచి ఒక మనిషి బురదలో నడుచుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఏం జరిగిందని అడగలేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో అడుగు తడిమి చూశాడు. మందుల పెట్టె ఒక పక్కకు జరిపించాడు, మమ్మల్నీ ఒక పక్కకు జరిపాడు, తల్లిని మాత్రం కదిలించనివ్వలేదు. పడవను ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ ఊపుతూ బురద నుంచి వదిలించాడు. తర్వాత గెడ తీసుకుని దక్షిణంగా చుట్టుకుని మమ్మల్ని ఒడ్డు చేర్చాడు. కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

మర్నాడు పొద్దున్నే ఏసురత్నం డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు.

"నన్ను తీసెయ్యండమ్మా. నేను కాలవలో పెరిగినోణ్ణి. ఈ నీళ్ళ అడుగు నాకు తెలవదు. చేరేటప్పుడే చెప్పాల్సింది. మీరు అడగలా, నేను చెప్పలా" అన్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

చుట్టి పోవద్దని ముందురోజు నేనన్న మాట డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఏసురత్నాన్ని స్టోరు చూసుకోమంది. ఆ స్టోరులో ఒక్క దూది ఉండ లెక్క తప్పలేదు ఆయన ఉన్నన్నాళ్ళూ. మంచి మనిషిని తీసుకొచ్చి తప్పు పనిలో నిలబెట్టడం అతనికి మనం చేసే ద్రోహం. ఏసురత్నం నన్ను క్షమించాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

పోలయ్య భార్యను ఇంటికి తీసుకుపోతూ గేటు దగ్గర ఆగాడు. "ఇంక మా ఊరికి ఆ పడవ రాను పన్లేదు" అన్నాడు. అంతే అన్నాడు. ఆస్పత్రి కమిటీ వాళ్ళు కూడా కూర్చుని తేల్చేశారు. వానలు పడేలోగా నీళ్ళు తెలిసిన సరంగు దొరక్కపోతే పడవను అమ్మేస్తారు. అంటే ఆ దిబ్బల మీది తల్లులను మళ్ళీ వాళ్ళ ఖర్మకు వదిలేస్తారన్నమాట.

చెంగమ్మ

మా వంటింటికి చేపలు తెచ్చేది పోలయ్య ఊరి చెంగమ్మ. గంప దించగానే వంటమనిషితో పోట్లాట మొదలుపెట్టేది. ఒకరోజు ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నా గోడు చెప్పుకున్నాను. నోటీసు పెడితే మీవాళ్ళు ఒక్కరూ రాలేదేమని అడిగాను.

"నోటీసా? యాడ పెట్టినావు?"

చెప్పాను.

"చర్చికా! మా మొగోళ్ళు చర్చికి యాడొస్తారు తల్లీ? టీ కొట్టుకాడ కూసోనేదానికి వాళ్ళకు పొద్దేదీ? చేప అమ్మేది మేము, బజారుకొచ్చేది మేము. మా చెవిన ఎయ్యాల్సింది గదా!" అంది. తర్వాత ఏ బుధవారమో విని నెత్తి కొట్టుకుంది. "అయ్యో రాతా! ఆ బుధవారం పాడు చీట్లు గదమ్మా. ఆ పొద్దు ఊళ్ళో మొగోడు కాలు బయటపెడతాడా?"

పాడు అంటే ఏమిటో అప్పుడు తెలుసుకున్నాను. మనం మాట్లాడుకునే పాడు కాదు. సరస్సులో చేపలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. వాటికోసం కొట్టుకు చావకుండా ఊరంతా వంతులు వేసుకుంటుంది. ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో ఏడాదికోసారి అందరి ముందూ చీట్లు తీసి తేలుస్తారు. ఆ వంతు ఉన్నవాడే ఊళ్ళో మనిషి కింద లెక్క. నేను పోయి పోయి సరిగ్గా ఆ రోజునే ఎంపిక పెట్టాను. వంతూ వలా ఉన్న ఏ మొనగాడూ రాలేని రోజు చూసి మరీ పిలిచి, రాలేదని వాళ్ళను సోమరులన్నాను.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మంచివాడు ఖాళీగా ఉండడు. మీరు పిలిచిన రోజున, మీరు పిలిచిన చోటికి ఎవరు రాగలరో వాళ్ళే వస్తారు. వచ్చినవాళ్ళను చూసి లోకంలో ఇంతేనని అనుకోకండి.

"సరే, నువ్వే చెప్పు. మీ ఊళ్ళో మంచి సరంగు ఎవరు?" అన్నాను.

చెంగమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి వేళ్ళు మడిచింది. ఫలానావాడు పని బాగా చేస్తాడు గానీ రెండో పూటకు కల్లు దగ్గరుంటాడు. ఇంకొకడు మాటల్లో సరంగు, గాలి లేస్తే వణుకుతాడు. మరొకడికి ఆడవాళ్ళు పడవలో ఏడిస్తే చిరాకు. ఏ పాదిరిగారి ఉత్తరంలోనూ ఇంత నిఖార్సయిన సమాచారం నాకు దొరకలేదు. ఆ తర్వాత నా ఉద్యోగ జీవితమంతా నేను ఎవరిని తీసుకోవాలన్నా వాళ్ళతో రోజూ పనిపడే ఆడవాళ్ళను ముందు అడిగేదాన్ని.

"ఎల్లయ్య ఒకడుండాడు" అంది చివరికి. "ఆ పొద్దు మిమ్మల్ని బురదలోంచి లాగినాడే, ఆయప్ప. నీళ్ళ రంగు చూసి లోతు చెబతాడు. కానీ మీకాడికి రాడు."

"ఎందుకు రాడు?"

"పొయ్యి అడుగు. అన్నీ నేనే చెబితే నీకెందుకు జీతం?"

జీతం పెంచితే వస్తాడనుకున్నాను

కమిటీని బతిమాలి జీతం పెంచించుకుని ఎల్లయ్య దగ్గరికి పోయాను. వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తి చూసి, కూర్చోమని పీట జరిపాడు. మొన్నటి సాయానికి దండం పెట్టి, ఉద్యోగం సంగతి చెప్పాను. జీతం చెప్పాను. ఆస్పత్రిలో మీ ఇంట్లోవాళ్ళకు మందులు ఉచితమన్నాను.

"వద్దు నర్సమ్మా" అన్నాడు.

ఇంకా కొంచెం పెంచిస్తానన్నాను. వలలో నుంచి చెయ్యి తీసి నన్ను చూశాడు. కోపం రాలేదు గానీ మనసు నొచ్చుకున్నట్టు తెలిసింది.

"నేను బేరం చేస్తా ఉండానా తల్లీ?" అన్నాడు.

చిన్నబోయిన మొహంతో తిరిగొచ్చాను. రూతమ్మగారు అంతా విని, "నువ్వు ఏమిస్తావో చెప్పావు. ఆయన ఏం పోగొట్టుకుంటాడో అడిగావా?" అంది. అడగలేదు. ఈసారి తనూ నాతో వచ్చింది.

ఎల్లయ్య గుడిసె ముందు కూర్చుని డాక్టరమ్మ మొదలుపెట్టిన తీరు చూసి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మంచి మాట ఒక్కటీ చెప్పలేదు. "ఎల్లయ్యా, ఈ పని చెడ్డ పని. నీ పడవలో మనుషులు వాంతులు చేసుకుంటారు. రక్తం కారుతుంది. అప్పుడప్పుడూ శవాన్ని వెనక్కి తేవాల్సొస్తుంది. ఏ కులంవాళ్ళు వచ్చినా పక్కపక్కనే కూర్చోబెట్టాలి, నీకు మనసులో ఏమున్నా సరే. అన్నం వేళకు ఇంటికి చేరతావని నేను చెప్పలేను. తిట్టేవాళ్ళుంటారు. ఇవి విని నీకు వద్దనిపిస్తే నేను లేచిపోతాను. వద్దనిపించకపోతే, మా దగ్గరికి వస్తే నీకు పోయేదేమిటో చెప్పు" అంది.

ఎల్లయ్య డాక్టరమ్మకు ఎదురుగా సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

"ఇయ్యన్నీ నాకు ఇబ్బంది లేదమ్మా. నా వంతు పోతాది. పాడు రోజున ఎవుడి వల వాడే ఎయ్యాల. కూలోణ్ణి పెడితే ఊరు ఒప్పదు. వరసగా తప్పితే చీట్లలో పేరు తీసేస్తారు. నా తాత కాణ్ణించి వచ్చిన వంతు అది. నా బిడ్డలకు పోవాల. మీ జీతం నేనుండేదాకా. ఆ తర్వాత? ఊళ్ళో నా బిడ్డలు ఎవురి మనుషులని చెప్పుకుంటారు?"

చెంగమ్మ నోట విని కూడా నాకు ఆ మాట ఇంత లోతుగా దిగలేదు. నేను మూడింతల జీతం ఇచ్చినా దీనికి సరిపోదు. మంచి మనిషిని మనం కొత్త చోటికి రమ్మన్నప్పుడు ఆ మనిషి వెనక ఏదో కట్టేసి ఉంటుంది. ఆ కట్టు విప్పుకుని రమ్మని అతన్ని సతాయించడం మన పని కాదు. అతని తరఫున మనం పోయి అడగాలి.

పొద్దు వాలుతోంది, మమ్మల్ని తెచ్చిన పాత సరంగుకు చూపు ఆనదని ఎల్లయ్య తనే మమ్మల్ని మా పడవలో ఒడ్డుకు దించుతానన్నాడు. ఎక్కగానే తాటాకు గూటిలోకి వంగి చూశాడు. "పడుకునేవాళ్ళు తల ఎటేపు పెడతారు?" అని అడిగాడు.

ముందు వైపని చెప్పాను.

"ఎనక్కి పెట్టండి. గెడ ఏసినప్పుడు ముందు భాగం అదురుతాది. నొప్పుల మీదుండే మనిషికి ఆ అదురు తట్టుకోను వల్లగాదు."

రెండేళ్ళుగా ఆ పడవలో తిరుగుతున్నాను. నాకు తట్టలేదు. డాక్టరమ్మకు తట్టలేదు. నేను ఆ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూలు చేశాను. మనం అడిగినదానికి బాగా జవాబు చెప్పేవాళ్ళు చాలామందే వస్తారు. పని గురించి తనే ప్రశ్న వేసే మనిషి దొరికితే మాత్రం ఆ కుర్చీలోంచి లేవనివ్వకండి. ఆ రోజు నాకు నిర్ణయమైపోయింది, సరంగంటే ఎల్లయ్యే.

ఊరి ముందు

ఊరి పెద్దకు కబురంపించి, ఒక పొద్దున డాక్టరమ్మా నేనూ పోయాం. ఇసుకలో చాపలు వేసి మగవాళ్ళంతా కూర్చున్నారు. ఆడవాళ్ళు గుడిసెల నీడన నిలబడ్డారు. చెంగమ్మ ఆ రోజు గంప ఎత్తలేదు. వెనక వరసలో పోలయ్య ఉన్నాడు. వాణ్ణి చూడగానే నేను డాక్టరమ్మ వెనక్కి జరిగి కూర్చున్నాను.

డాక్టరమ్మ నా మోచెయ్యి గిల్లింది. లేచాను. ముందు బురదలో ఏం జరిగిందో చెప్పాను. చుట్టి పొమ్మని పోలయ్య చెబితే వద్దన్నది నేనేనని చెప్పాను. దాచిపెట్టి మనిషిని అడగడానికి నాకు మనసొప్పలేదు. ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. తర్వాత ఎల్లయ్యను మాకివ్వమని, ఆయన వంతు పోకుండా చూడమని అడిగాను.

ఊరి పెద్ద ముసలాయన. నెమ్మదిగా మాట్లాడాడు. "ఉద్యోగానికి పొయ్యేవోడి వంతు ఊరు ఎయ్యదమ్మా. మదరాసుకు పోయినోళ్ళుండారు, రైల్వేలో చేరినోళ్ళుండారు. వాళ్ళకు లేంది ఈయనకు ఎట్ట ఇచ్చేది?"

"ఎవరికీ ఎప్పుడూ వెయ్యరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"జబ్బు పడితే ఏస్తాం. మంచానపడినోడి వంతు ఊరు ఏస్తాది. పడిన చేప వాళ్ళింటికి పంపిస్తాది."

"ఎల్లయ్య మా పడవ ఎక్కేది కూడా జబ్బు కోసమే గదండీ. ఆయనకు రాలేదు, మీ ఊళ్ళోనే ఇంకొకరికి వచ్చింది. ఆయన పాడు రోజున మేము ఊరికే పడవ తియ్యం. ఆ రోజు ఆయనది. ప్రాణం మీదికి వచ్చిన కబురైతేనే పిలుస్తాం. ఆ ఒక్క రోజుకు ఊరు ఆయన వల వెయ్యలేదా?" అన్నాను. ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఆ మాట.

ముసలాయన పక్కనున్నవాళ్ళతో మాట్లాడుకున్నాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకాయన ఒప్పుకోలేదు. ఇట్టా ఒకరికి వదిలితే రేపు అందరూ అడుగుతారన్నాడు. అతను అన్నదాంట్లోనూ న్యాయముంది. చివరికి ముసలాయన మావైపు తిరిగాడు.

"ఒప్పుకునేదైతే ఒప్పుకుంటాం. కానీ ఊరు ఏస్తాదంటే ఉత్త మాట గాదు. ఫలానావోడు ఏస్తాడని ఒక పేరు ఉండాల. వాడు తన పని మానుకోని, ఎల్లయ్య వల ఏసి, పడిందంతా ఎల్లయ్య ఇంట్లో దించాల. ఇది ఒక పొద్దుతో పొయ్యేది గాదు. ఎవురన్నా లేస్తే సరే. లేకపోతే ఇంక ఈ మాట ఎత్తబాకండి."

ఎవరూ లేవలేదు. ఎల్లయ్యకు అన్నదమ్ములు లేరు. బావమరదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళ ఇళ్ళలోనూ తినే నోళ్ళున్నాయి. ఎల్లయ్య తల వంచుకుని ఇసుకలో వేలితో గీస్తున్నాడు. పడవ పోయిందనుకున్నాను. వానలు ఇంకో నెలలో మొదలవుతాయి. డాక్టరమ్మ తన సంచీ సర్దుకుంటోంది.

వెనక వరసలో పోలయ్య లేచాడు.

బిడ్డ సంగతి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తాల్సిందే, ఆ హక్కు వాడిది. తల దించుకుని నిలబడ్డాను.

"ఎల్లన్న వల నేనేస్తా" అన్నాడు.

ముసలాయన సరిగ్గా విన్నానా అన్నట్టు చూశాడు. "నువ్వేనా పోలయ్యా? ఆ పడవ ఊళ్ళోకి రాగూడదన్నది నువ్వే గదా?"

"నేనే అన్నా. ఆ పొద్దు ఆ పడవలో ఎల్లన్న ఉండుంటే నా బిడ్డ బతికుండేది. నాకు లేకండా పోయింది. ఇంకొకరి బిడ్డన్నా బతకనీండి." గుడిసెల వైపు ఒకసారి తిరిగి చూశాడు. "రాసుకోండి నా పేరు."

గుడిసెల నీడలో వాడి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ, ఎవరికీ బెదరని మనిషి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గులేదు. ముసలాయన చెయ్యెత్తాడు, ఊరు ఒప్పుకుంది.

ఎంతోమందిని ఉద్యోగాల్లో చేర్చుకున్నాను. వాళ్ళలో మేలైనవాళ్ళను నేనే పట్టుకొచ్చానని అందరూ మెచ్చుకుంటే నవ్వు వచ్చేది. చెంగమ్మ చూపించింది, రూతమ్మగారు అడగడం నేర్పింది. ఇచ్చింది మాత్రం పోలయ్య. వాడి దగ్గరికి పోయి చేతులు జోడించాను. "పోలయ్యా, ఆ రోజు నేను..." అన్నాను.

పోలయ్య నా చేతుల కేసి చూడలేదు. సరస్సు కేసి చూశాడు.

"నీళ్ళు తగ్గతా ఉండాయి నర్సమ్మా, బురద తేలతాది. ఎల్లన్నను తీసకపో."